ఎక్సెల్ ఒకటి చెబుతోంది, నా లెక్క ఇంకోటి

ప్రశ్న:
హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఎనుమాముల మార్కెట్లో పత్తి ధరలు మా బాపు డైరీ నుంచి ఐదు రోజులవి తీసుకున్నాను. క్వింటాలుకు 7000, 7100, 7200, 7300, 7400. చేత్తో చేస్తే స్టాండర్డ్ డీవియేషన్ (ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 141.4 వచ్చింది, ఎక్సెల్‌లో 158.1. రాత్రంతా టెన్షన్. ఎక్కడ తప్పాను?

జవాబు 1:
తప్పేం లేదు తమ్ముడూ. సగటు నుంచి ఒక్కో ధరకున్న తేడాల వర్గాల మొత్తం లక్ష. దాన్ని నువ్వు 5తో భాగించి వర్గమూలం తీశావు, ఎక్సెల్ 4తో భాగించి తీసింది. ఫంక్షన్ పేరు చివర ఎస్ ఉందా చూడు. ఉంటే అది శాంపిల్‌కు, అంటే మొత్తంలోంచి తీసుకున్న కొన్నింటికి. పి ఉన్నది పాపులేషన్‌కు, అంటే మొత్తం అన్నింటికీ.

జవాబు 2:
4 ఎందుకంటే, సగటు 7200 కూడా ఆ ఐదు ధరల నుంచే తీశావు కదా. తేడాలన్నీ కూడితే సున్నా రావాలి కాబట్టి నాలుగు తెలిస్తే ఐదోది దానంతటదే తేలిపోతుంది. సొంత సగటు నుంచి కొలిస్తే ఒడిదుడుకులు తక్కువగా కనిపిస్తాయి, 4 ఆ లోటు సరిచేస్తుంది. వెయ్యి రోజుల ధరలుంటే ఈ గొడవే కనపడదు. (డిగ్రీలో నేను బట్టీ కొట్టినోణ్ణే!)

ప్రశ్న అడిగినవారు:
సీజనంతటి గురించి చెప్పాలంటే 158.1 రాయాలా అన్నా?

జవాబు 1:
అదే రాయి. కానీ వరుస రోజులు, రోజుకో వంద పెరిగిన ధరలు. ర్యాండమ్ శాంపిల్ (లాటరీలా ఎంచినది) అని మాత్రం అనకు, వైవాలో దొరికిపోతావు.