ఎంఎస్‌సీఏ పోస్ట్‌డాక్ ఫెలోషిప్: యూరప్ వర్సిటీ రీసెర్చ్ ఆఫీసును ఏం అడగాలి?

వైవా_అయింది
యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ (ఎంఎస్‌సీఏ) పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి స్పెయిన్‌లో సూపర్‌వైజర్ ఒప్పుకున్నారనుకుందాం. ఇక వాళ్ళ వర్సిటీ రీసెర్చ్ ఆఫీసు ఏమేం చేసిపెడుతుంది, మనమే చూసుకోవాల్సినవి ఏంటి? వైవా అయ్యి పట్టా రాని వాళ్ళ సంగతేంటి?

హన్మకొండ_కెమిస్ట్రీ
ప్రపోజల్ డ్రాఫ్టు సంగతి తర్వాత, ముందు అర్హత తేల్చుకోండి. 2025 కాల్ (దరఖాస్తుల పిలుపు) లెక్కన చెప్తున్నా, కొత్త కాల్ వచ్చినప్పుడల్లా గైడ్ మళ్ళీ చదవాల్సిందే. గడువు రోజుకి పీహెచ్‌డీ ఉండాలి. థీసిస్ డిఫెండ్ చేసి పట్టా చేతికి రాకపోయినా చెల్లింది. చిక్కంతా తేదీలతోనే. మన దగ్గర వైవా ఒక రోజు, నోటిఫికేషన్ ఇంకో రోజు, ప్రొవిజనల్ మీద మూడో తేదీ. మూడూ స్కాన్ చేసి రీసెర్చ్ ఆఫీసుకు పంపండి. పార్ట్-ఏలో (పోర్టల్లో నింపే ఫారం) ఏది వేయాలో మెయిల్‌లోనే చెప్పించుకోండి, ఫోన్‌లో చెప్తే సరిపోదు. పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం 8 ఏళ్ళు దాటొద్దు. పరిశోధన కాని ఉద్యోగం, కెరీర్ విరామం అందులోంచి తీసేస్తారు.

ఇక మొబిలిటీ రూలు. గడువుకు ముందటి 36 నెలల్లో హోస్ట్ దేశంలో (మీరు వెళ్ళే వర్సిటీ ఉన్న దేశం) ఉన్నది, పని చేసింది మొత్తం కలిపి 12 నెలలు మించొద్దు. వరుసగా ఉండాలని లేదు, ముక్కలు ముక్కలుగా ఉన్నా కూడతారు. సెలవులకి వెళ్ళొచ్చిన రోజులు లెక్కలోకి రావు. పాస్‌పోర్టు ముద్రలు, పాత కాంట్రాక్టులు ముందేసుకుని లెక్క కట్టండి.

పోస్ట్‌డాక్_పంతులు
గ్లోబల్ ఫెలోషిప్ అనే రెండో రకం చూసి ఆశపడకండి. అది యూరప్ పౌరులకి, లేదా అక్కడ వరసగా 5 ఏళ్ళు చట్టబద్ధంగా ఉన్నవాళ్ళకి. ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళకి 12 నుంచి 24 నెలల యూరోపియన్ ఫెలోషిప్పే దారి.

ఆఫీసు విషయానికొస్తే, చాలా వర్సిటీలు వసంతంలోనే యూరాక్సెస్‌లో (యూరప్ పరిశోధన ఉద్యోగాల పోర్టల్) ‘ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంటరెస్ట్’ ప్రకటన పెట్టి సీవీ, ఒక పేజీ ఐడియా అడుగుతాయి. అందులో ఎంపికైన వాళ్ళకే మాస్టర్‌క్లాసు, డ్రాఫ్టు రివ్యూ దొరుకుతాయి. కాల్ తెరిచాక మెయిల్ పెడితే రివ్యూకి చోటుండదు. 2025లో కాల్ మే 8న తెరిచి సెప్టెంబరు 10న మూసేశారు. నాలుగు నెలలు కదా అనిపిస్తుంది. అందులో ఆగస్టు ఉందని మరవకండి. స్పెయిన్, ఇటలీల్లో ఆ నెలంతా ‘ఆఫీసులో లేను’ అనే ఆటో రిప్లైలే. ఏ వారం నుంచి ఏ వారం దాకా ఆఫీసు మూస్తారో మేలోనే అడగండి, రివ్యూకి జులై చివరికి పూర్తి డ్రాఫ్టు ఇవ్వండి.

ల్యాబ్_కాపీ
మార్కుల లెక్క తెలిస్తే ఆఫీసు సాయం ఎక్కడ పనికొస్తుందో అర్థమవుతుంది. ఎక్సలెన్స్ 50%, ఇంపాక్ట్ 30%, ఇంప్లిమెంటేషన్ 20%. ఒక్కోదానికి 5కి మార్కు, దశాంశంతో. 4.6, 4.4, 4.5 వస్తే 46 + 26.4 + 18 = 90.4. అంటే ఎక్సలెన్స్‌లో 0.1 జారితే ఒక మార్కు పోయినట్టే, ఇంపాక్ట్‌లో 0.6, ఇంప్లిమెంటేషన్‌లో 0.4. 2024లో 10,360 దరఖాస్తులొస్తే 1,696 మందికి దక్కింది. 2025లో దరఖాస్తులే 17,058. ఇంత పోటీలో ఒక్క మార్కు తక్కువేం కాదు.

ఎక్సలెన్స్‌లో సైన్సు భాగం ఆఫీసు వాళ్ళ చేతిలో లేదు, అది మీరూ సూపర్‌వైజరూ చూసుకోవాలి. ఓపెన్ సైన్స్, డేటా మేనేజ్‌మెంట్, పేటెంట్ హక్కులు, జెండర్ కోణం, రిస్కు పట్టిక, కెరీర్ ప్లాన్: వీటిలో వాళ్ళు ఆరితేరినవాళ్ళు. రెడీమేడ్ పేరాలు కూడా ఇస్తారు. వాటిని అలాగే దించేస్తే ప్రపోజల్‌కి ఇచ్చే 10 పేజీలు ఇట్టే నిండిపోతాయి.

పోస్ట్‌డాక్_పంతులు
రెడీమేడ్ పేరాలు అసలు వాడొద్దంటాను. అదే వర్సిటీ నుంచి వచ్చిన నాలుగైదు ప్రపోజల్స్ ఒకే రివ్యూయర్ చేతిలో పడొచ్చు, ఒకటే పేరా కనిపిస్తే ఆయన గుర్తుపట్టడా?

ల్యాబ్_కాపీ
వాడండి, కానీ ముడిసరుకుగా వాడండి. ఆఫీసు ఇచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘మా విశ్వవిద్యాలయంలో అత్యాధునిక సౌకర్యాలు ఉన్నాయి.’ దాన్ని ఇలా మార్చాలి: ‘రెండో వర్క్ ప్యాకేజీకి 600 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్ మీద 5 నుంచి 11వ నెల దాకా వారానికి ఒక రోజు కేటాయించారు, ఆపరేటర్ శిక్షణ మొదటి నెలలోనే.’ సమాచారం ఆఫీసుదే, కానీ ఈ వాక్యం మీ ప్రాజెక్టుకి తప్ప ఎవరికీ అతకదు.

పార్ట్ బి1 (అసలు ప్రపోజల్) పేజీలు 10 దాటితే పదకొండోది రివ్యూయర్‌కి కనపడదు. ఫాంటు 11 పాయింట్లకి తగ్గొద్దు, మార్జిన్ 15 మిల్లీమీటర్లు. నా లెక్కన ఎక్సలెన్స్‌కి అయిదున్నర, ఇంపాక్ట్‌కి రెండున్నర, మిగతాదానికి రెండు పేజీలు. సీవీలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు వరుసగా పేర్చడం మన అలవాటు. వాటికి ఇక్కడ మార్కులు రావు. ఆ పేపర్లో మీ వంతు పని ఏంటో రాయండి.

వైవా_అయింది
థాంక్సండీ. జీతం మాటేంటి? ఆఫీసు చెప్పే అంకె, గైడ్‌లో అంకె వేరుగా ఉన్నాయి.

హన్మకొండ_కెమిస్ట్రీ
గైడ్‌లోది చేతికొచ్చే మొత్తం కాదు. 2025 రేట్లలో నెలకు లివింగ్ అలవెన్స్ 5,990 యూరోలు (దీన్ని ఆ దేశపు ఖర్చులను బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు), మొబిలిటీ 710, కుటుంబం ఉంటే 660. అందులోంచి యజమాని కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ వాటా ముందే తీస్తారు. ఆ తర్వాత మీ వాటా, పన్ను పోతాయి. అందుకే హెచ్‌ఆర్ వాళ్ళని ‘నెట్ ఎంత’ అని అడగండి.

గోదారి_బయో
రెండు విషయాలు కలుపుతున్నా. సెకండ్‌మెంట్ (మధ్యలో వేరే సంస్థలో కొన్నాళ్ళు పని చేయడం) మొత్తం కాలంలో మూడో వంతు దాకా పెట్టుకోవచ్చు, 24 నెలలకి 8. ప్రపంచంలో ఎక్కడైనా సరే, కాబట్టి హైదరాబాద్ ల్యాబ్ కూడా కుదురుతుంది. కాకపోతే స్పెయిన్‌లో లేనిది ఇక్కడేం దొరుకుతుందో ఒక్క వాక్యంలో చూపించలేకపోతే పెట్టకండి. ‘ఇంటికెళ్ళడానికి’ అనుకుంటారు. చివర్లో కావాలంటే పెట్టుకునే, 6 నెలల దాకా ఉండే నాన్-అకడమిక్ ప్లేస్‌మెంట్ (వర్సిటీ కాని సంస్థలో పని) మాత్రం ఇండియాలో కుదరదు. దానికి ఆ సంస్థ లెటర్‌హెడ్ మీద సంతకం, తేదీ ఉన్న కమిట్‌మెంట్ లెటర్ తప్పనిసరి.

రెండోది ఎథిక్స్ పట్టిక. తూర్పు కనుమల మొక్కల నమూనాలు అక్కడికి తీసుకెళ్ళే పనుంటే యూరప్ బయటి దేశాల ప్రశ్నకి ‘అవును’ పెట్టాలి. నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి ఎప్పుడు, ఎవరు తెస్తారో పార్ట్ బి2లో (సీవీ, ఎథిక్స్ ఉండే రెండో ఫైలు) రాయాలి. ఆఫీసు వాళ్ళకి యూరప్ రూల్సే తెలుస్తాయి, మన చట్టం మీరే చెప్పాలి.

పోస్ట్‌డాక్_పంతులు
పోర్టల్లో మెయిన్ కాంటాక్ట్ సూపర్‌వైజరే. మిమ్మల్ని ఎడిట్ చేసే హక్కుతో చేర్చమనండి, లేకపోతే చూడ్డం తప్ప ఏమీ చేయలేరు. తొమ్మిదంకెల పిక్ నంబరు (పోర్టల్లో సంస్థని గుర్తించే కోడ్) ఆఫీసు నుంచే తీసుకోండి. వర్సిటీకొకటి, దాని ఆస్పత్రి ఫౌండేషన్‌కి ఇంకొకటి ఉంటాయి, పేర్లు దాదాపు ఒకటే. కాంట్రాక్టు ఇచ్చేది ఏదో దానిదే వేయాలి. ఒక కాల్‌కి ఒక్కరికి ఒకటే ప్రపోజల్, రెండు వర్సిటీల నుంచి వేయడం కుదరదు. నిరుటి స్కోరు 70% కంటే తక్కువుంటే 2025లో అదే హోస్ట్‌తో మళ్ళీ వేయనివ్వలేదు. ఈ సంగతి కొన్ని ఆఫీసులు అడిగితే గానీ చెప్పవు.

గడువు బ్రస్సెల్స్ టైము సాయంత్రం 5 గంటలు, సెప్టెంబరులో మనకి రాత్రి 8:30. ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయొచ్చు, చివరిదే నిలుస్తుంది. అందుకే మూడు రోజుల ముందే ఒకటి పడేయండి. తర్వాత పోర్టల్ నుంచి పీడీఎఫ్ దించి పేజీలు లెక్కపెట్టండి. వర్డ్‌లో 10 ఉన్నది పీడీఎఫ్‌లో 11 అవుతుంది, ముఖ్యంగా పట్టికలుంటే.