'ముత్యపు చెవిపోగు అమ్మాయి' కాపీ: ముందు గ్రిసైలా, నేరుగా రంగులా?

తూలిక:
డచ్ చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1665లో వేసిన ఈ ముఖాన్ని కాపీ చేస్తూ ఆయిల్ నేర్చుకోవాలంటే, ముందు మొత్తం బూడిదరంగు మెట్లలో (గ్రిసైల్) పూర్తిచేసి, ఆరాక పైన పల్చటి రంగు పొరలు వేయాలని కొందరంటారు. అదంతా దండగ, మొదటిరోజే రంగు కలపమని ఇంకొందరు. కొత్తవాళ్ళకి ఏది మంచిది? కారణంతో చెప్పండి.

లిన్సీడ్:
గ్రిసైలే. వెలుగునీడలు, రంగు, అంచులు మూడూ ఒకేసారి కొత్తచేతికి లొంగవు. ఈ బొమ్మలోనే చూడండి: ముక్కు దూలానికీ ఆమె కుడి చెంపకీ మధ్య గీతే లేదు. రెండూ ఒకే వెలుగు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రంగుతో మొదలుపెడితే అక్కడ గోధుమరంగు గీత లాగేస్తారు, ముక్కు అతికించినట్టు తయారవుతుంది. తెలుపు నుంచి ముదురు దాకా ఐదు బూడిద మెట్లు ముందే కలిపి పెట్టుకోండి. ముదురుకి ఐవరీ బ్లాక్ వద్దు, అది మహా నెమ్మదిగా ఆరుతుంది; పైపొర ముందు ఆరితే పగుళ్ళే. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరీన్ (నీలం) కలపండి. పైన గ్లేజ్ (పల్చటి పారదర్శక రంగు పొర) పడ్డాక ముదురెక్కుతుంది కాబట్టి గ్రిసైల్‌ని ఒక మెట్టు తేటగా ఆపాలి.

రంగులపెట్టె:
లిన్సీడ్ గారూ, ఆ పద్ధతిలో వచ్చేది చర్మం కాదండీ, రంగులద్దిన పాత ఫోటో. ఒంటిరంగు కలపడం నేర్చుకోవడానికే కదా కాపీ! యెల్లో ఓకర్, కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్, టైటానియం వైట్ చాలు ముఖానికి. వెలుగుకి, మధ్యస్థానికి, నీడకి మూడు కుప్పలు కలిపి, కత్తి మొనమీద కాస్త తీసి ప్రింట్ పక్కన పెట్టి చూడండి. తేడా అక్కడే దొరుకుతుంది. టైటానియం ఎక్కువైతే ముఖం సున్నం కొట్టినట్టుంటుంది. అప్పుడు ఇంకా తెలుపు కలపడం కాదు, చిటికెడు ఓకర్ కలపాలి.

లిన్సీడ్:
ఫోటోలా వచ్చేది ముఖమంతా గ్లేజే పూసినప్పుడు. గ్లేజ్ నీడలకే. వెలుగు పడ్డచోట చిక్కటి రంగే వేయాలి, అదీ కింద ఉన్న బూడిద మెట్టుకి సరిపోయేలా.

పాతఫ్రేము:
ఇద్దరూ వెర్మీర్‌ని వదిలేసి వాదిస్తున్నారు. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో 2018లో మొదలైన పరీక్షల్లో తేలిందేమిటంటే, ఆయన అడుగున వేసింది గోధుమ, నలుపు ఛాయలు. అంటే అడుగుపొర ఉంది, కానీ అది మీరనే బూడిద గ్రిసైల్ కాదు. ఇంకోటి, వెనకాల ఉన్నది మొదట నలుపు కాదు, ఆకుపచ్చ తెర. నీలిమందుతో, పసుపు రంగుతో వేసిన ఆ పల్చటి పొర కాలక్రమంలో చెడిపోయింది. కాబట్టి ట్యూబులోంచి తీసి నలుపు పూసేవాళ్ళు చిత్రకారుణ్ణి కాదు, బొమ్మ ముసలితనాన్ని కాపీ చేస్తున్నారు. ముదురు అడుగు ఆరనిచ్చి, పైన పారదర్శకమైన ఆకుపచ్చ పల్చగా వేసి చూడండి, ముఖం ముందుకొస్తుంది.

రంగులపెట్టె:
గోధుమ అడుగుకి నాకు అభ్యంతరం లేదు, ఒక్క పూటలో అయిపోతే. రెండువారాలు బూడిదతో కుస్తీ పట్టడమే వద్దంటున్నాను.

తూలిక:
అయితే అంబర్‌తో పల్చగా నీడలు పరిచి, ఆరాక నేరుగా రంగుల్లోకి వెళ్తే సరిపోతుందా? ఆరిన అంబర్ మసకబారి బూడిద కొట్టినట్టుంటుందని విన్నాను.

పాతఫ్రేము:
అవును, అడుగుపొర నూనె పీల్చేస్తుంది. ఆ మసక చూసి నీడ తేటగా ఉందనుకుని ఇంకా నలుపు కొడతారు. పూర్తిగా ఆరాక లిన్సీడ్ నూనె అతి పల్చగా రాసి, బట్టతో దాదాపు అంతా తుడిచేయండి, అసలు ముదురు కనిపిస్తుంది. రంగు కలిపేటప్పుడు మాత్రం మొదటి పొరలో నూనె వద్దు, టర్పెంటైన్ కొంచెం. రెండోది ట్యూబులో ఉన్నట్టే, నూనె చివరి పొరకే. నూనె బట్టల్ని మాత్రం ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి; నీళ్ళున్న డబ్బాలో వేసి మూత పెట్టండి.

లిన్సీడ్:
ముత్యం దగ్గర జాగ్రత్త, తూలిక గారూ. దానికి కొక్కెం లేదు, చుట్టూ గీతా లేదు. పైన చిక్కటి తెల్లచుక్క, కింద కాలర్ వెలుగు మెత్తగా, అంతే. గుండ్రంగా గీసి లోపల నింపారంటే గోళీ అవుతుంది. గ్రిసైల్ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.