వేరే రైఫిల్‌లో పేలిన కేసులు మన ఛాంబర్‌కి: ఫుల్ లెంగ్త్ సైజింగ్ చేస్తే చాలా?

రవి_308
మళ్ళీ నింపుకుని వాడదామని .308 విన్‌చెస్టర్ తూటాల ఖాళీ కేసులు (పేలాక మిగిలే ఇత్తడి గుల్లలు) ఒక డబ్బాడు నా చేతికి వచ్చాయి. ఏ రైఫిల్‌లో పేల్చారో తెలియదు. నాది బోల్ట్ యాక్షన్. ఫుల్ లెంగ్త్ డైలో (కేస్ ఒళ్ళంతా నొక్కి కొలతకి తెచ్చే అచ్చు) నొక్కాక కొన్ని హాయిగా ఛాంబర్‌లోకి (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) వెళ్తున్నాయి. కొన్నిటికి మాత్రం బోల్ట్ హ్యాండిల్ దించడానికి బలం పెట్టాల్సి వస్తోంది. డైని ఇంకో పావు చుట్టు కిందికి తిప్పమని ఒక స్నేహితుడు అంటాడు. పరాయి బ్రాస్ (వేరేవాళ్ళు పేల్చిన కేసులు) అసలు ముట్టుకోవద్దని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?

పాతరైఫిల్
డై ఉన్నదే అందుకు. కేస్ ఏ ఛాంబర్‌లో ఉబ్బినా దాన్ని ప్రామాణిక కొలతకి తేవడమే ఫుల్ లెంగ్త్ డై పని. ప్రెస్ ర్యామ్ (కేస్‌ని డైలోకి ఎత్తే కడ్డీ) పైకి ఎత్తి, డై షెల్ హోల్డర్‌కి (కేస్ అడుగుని పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి, ఆపైన పావు చుట్టు బిగించండి. కేసులకి ల్యూబ్ (జారుడు పూత) సరిగ్గా పట్టించండి. లేకపోతే డైలో ఇరుక్కుంటాయి. మంచి బ్రాస్‌ని అనుమానంతో పారేయడం నాకు నచ్చదు.

కొలత_ముందు
పాతరైఫిల్ గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ పావు చుట్టు సలహాతో నాకు పేచీ ఉంది. డై కేస్‌ని ప్రామాణిక కొలతకి తెస్తుంది, నిజమే. కానీ రవి గారి ఛాంబర్ ఆ కొలత కన్నా కొంచెం పొడవుంటే? అప్పుడు షోల్డర్ (కేస్ మూతి వైపు సన్నబడే వాలు) అవసరానికి మించి వెనక్కి పోతుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ కేస్‌ని ముందుకు తోస్తుంది. పీడనం పెరుగుతుంటే పల్చటి ముందు గోడలు ఛాంబర్‌ని గట్టిగా పట్టేసుకుంటాయి. మందపాటి అడుగుభాగం మాత్రం బోల్ట్ ముఖం దాకా వెనక్కి జరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న గోడ సాగుతుంది, అంటే అక్కడ లోహం పల్చబడుతుంది. ప్రతిసారీ డైలో కుదించి ప్రతిసారీ సాగదీస్తుంటే, తీగని అటూ ఇటూ వంచినట్టే, ఒకరోజు అక్కడే తెగుతుంది. కేస్ తల విడిపోవడం అంటే ఇదే. వేడి గ్యాస్ యాక్షన్‌లోకి, పేల్చేవాడి ముఖం వైపుకి రావచ్చు.

డై ఆకారాన్ని వెనక్కి తెస్తుంది కానీ పోయిన మందాన్ని తిరిగి తేలేదు. పరాయి బ్రాస్ విషయంలో నా భయం అంతా ఇదే. మన ఛాంబర్‌లో పట్టడం ఒక్కటే పరీక్ష కాదు. మన దగ్గరికి రాకముందు ఎంత సాగింది, ఎన్నిసార్లు సాగింది అన్నది బయటి నుంచి కనిపించదు.

రవి_308
అర్థమైంది సర్. మరి బిగుతుగా ఉన్నవాటిని ఏం చేయాలి? డై దించకపోతే అవి పట్టవు కదా?

టార్గెట్_లేన్
ఎక్కడ బిగుతుగా ఉందో ముందు కనుక్కోండి. కేస్ అంతా నల్ల మార్కర్‌తో పూసి, ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ మూసి తీయండి. రాపిడి షోల్డర్ మీద ఉంటే డై సెట్టింగ్ సమస్య. ఇక్కడ చాలామందిని తికమక పెట్టేది ఒకటుంది: డై సగమే దింపితే కేస్ ఒళ్ళు నొక్కుకుని షోల్డర్ ఇంకా ముందుకి జరుగుతుంది. సైజింగ్ చేశాక ముందుకన్నా బిగుతుగా ఉందని కంగారు పడేది అందుకే. అప్పుడు డైని కొద్దికొద్దిగా దించాలి.

రాపిడి అడుగున, ఎక్స్‌ట్రాక్టర్ గాడికి (కేస్‌ని బయటికి లాగే కొక్కెం పట్టే చోటు) కాస్త పైన ఉంటే, ఎంత దించినా లాభం లేదు. డై నోరు, షెల్ హోల్డర్ మందం వల్ల అంత కిందికి మామూలు డై అందదు. విశాలమైన ఛాంబర్‌లో అక్కడ ఉబ్బిన కేస్‌కి స్మాల్ బేస్ డై (అడుగుని ఇంకా ఎక్కువ నొక్కే డై) కావాలి. మెషిన్ గన్ బ్రాస్‌లో ఇది మామూలు. మురికిలో, వేడిలో ఆగకుండా పనిచేయాలని ఆ ఛాంబర్లని వదులుగా తొలుస్తారు.

పాతరైఫిల్
మార్కర్ మాట బాగుంది. సాగుడు గురించి చెప్పింది కూడా కాదనను. .303 బ్రిటిష్‌తో ఏళ్ళు గడిపినవాడిని. లీ-ఎన్‌ఫీల్డ్‌లో కేస్ అంచు మీద ఆగుతుంది, షోల్డర్ దగ్గర ఖాళీ ఎక్కువ. అక్కడ ఫుల్ లెంగ్త్ చేస్తూ పోతే కేసులు త్వరగా పోతాయి, అందుకే నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే మూతి భాగం) ఒక్కటే సైజ్ చేసేవాళ్ళం. కానీ అలా చేసిన కేస్ పక్కవాడి లీ-ఎన్‌ఫీల్డ్‌లో పట్టదు. రైఫిల్ మారినప్పుడు ఫుల్ లెంగ్త్ తప్పదు, నేను చెప్పేది అంతే. ఒకసారి నొక్కి, మన రైఫిల్‌లో పేల్చాక అది మన బ్రాసే.

కొలత_ముందు
ఒకసారే పేలిందని తెలిసిన కమర్షియల్ కేస్ అయితే ఒప్పుకుంటాను. ఆ ఒక్కసారి కూడా మన ఛాంబర్‌ని కొలిచాకే. డీప్రైమ్ చేసిన (ప్రైమర్, అంటే మందు అంటించే చిన్న టోపీ, తీసేసిన) కేస్‌ని కంపేరేటర్‌తో (షోల్డర్ దాకా పొడవు చూపే పరికరం) కొలవాలి, ప్రైమర్ ఉబ్బి ఉంటే లెక్క తప్పుతుంది. బోల్ట్ నుంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (కేస్‌ని బయటికి విసిరే భాగం) తీసేసి ఖాళీ కేస్‌తో మూస్తే, హ్యాండిల్ తన బరువుకే దిగే చోట మన కొలత దొరుకుతుంది. బోల్ట్ యాక్షన్‌లో షోల్డర్‌ని అక్కడి నుంచి ఒకటి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతు) వెనక్కి జరిపితే చాలు. సెమీ ఆటోకి మూడు నాలుగు ఇవ్వాలి, అక్కడ బోల్ట్ తడబడకుండా మూసుకోవాలి.

ఏ ఛాంబర్‌లో పేలిందో తెలియని సైనిక కేసుల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. .308కి గో గేజ్ (ఛాంబర్ కనీస పొడవు చూసేది, బోల్ట్ దీనిమీద మూసుకోవాలి) 1.630 అంగుళాలు, ఫీల్డ్ గేజ్ (గరిష్ఠ హద్దు, దీనిమీద మూసుకోకూడదు) 1.638. 7.62 నాటో (.308 లాంటి సైనిక తూటా) ఆయుధాలకి సైనిక ఫీల్డ్ గేజ్ 1.6455. గో గేజ్‌తో పోలిస్తే పదిహేను థౌ పైనే తేడా. అంత సాగిన గోడని డైలో వెనక్కి నొక్కి, మళ్ళీ దానిమీద పూర్తి పీడనం పెట్టమంటారా?

టార్గెట్_లేన్
ఇంకో మాట. సాధారణంగా సైనిక కేస్ గోడ మందం ఎక్కువ, లోపల చోటు తక్కువ. కమర్షియల్ కేస్‌కి కుదిరిన పౌడర్ లోడ్‌ని అందులో అలాగే పోయకూడదు. తక్కువ పౌడర్ నుంచి మొదలుపెట్టాలి. హెడ్‌స్టాంప్‌ల (కేస్ అడుగున కొట్టిన తయారీ ముద్ర) వారీగా వేరు చేయకుండా ఒకే డై సెట్టింగ్‌తో నొక్కితే షోల్డర్ కొలతలు కూడా ఒక్కలా రావు, గట్టిపడ్డ ఇత్తడి నొక్కాక పాత ఆకారం వైపు ఎక్కువగా తిరిగి వస్తుంది. అనీలింగ్ (వేడి చేసి మెత్తబరచడం) చేస్తే కొంత సర్దుకుంటుంది. నెక్, షోల్డర్‌కే వేడి. అడుగు మెత్తబడితే అది వాడడం ప్రమాదం. సాగిన కేస్ పొడవు కూడా చూడండి, .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు.

రవి_308
డబ్బాలో మూడు రకాల హెడ్‌స్టాంప్‌లు ఉన్నాయి, ఒకటి సైనికానిదే. దాన్ని పక్కన పెట్టేస్తాను. మిగతావాటిలో గోడ పల్చబడిందో లేదో ఎలా చూడాలి?

కొలత_ముందు
పేపర్ క్లిప్‌ని సాగదీసి, చివర కొంచెం వంచి, కొనని పదును పెట్టండి. కేస్ లోపల అడుగు నుంచి పైకి గోడ వెంట లాగండి. అడుగుకి కాస్త పైన ఎక్కడైనా గాడిలో తట్టుకుంటే ఆ కేస్ అయిపోయినట్టే. బయట అదే ఎత్తులో చుట్టూ మెరుస్తూ సన్నటి గీత కనిపించినా అంతే. డై గీసిన గీత కూడా ఒక్కోసారి అలాగే ఉంటుంది, కాబట్టి అనుమానం వస్తే ఒక కేస్‌ని నిలువుగా కోసి చూసుకోండి. తీసేసినవాటి మూతి ప్లయర్‌తో నలిపేయండి, డబ్బాలో మంచివాటితో మళ్ళీ కలవకుండా.