ఈ వారం సమస్య: "పాడవలయుఁ బాట పాడవలదు"

నిర్వాహకుడు, తిరుపతి:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

పాడవలయుఁ బాట పాడవలదు

ఎందుకిచ్చానంటే, ఈ మధ్య మన ఊళ్ళోనే ఒక సినిమా పాటల కచేరీకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. గొంతుకు వంక పెట్టడానికి లేదు గానీ, ఆయన మొదటి గంటంతా ఎవరూ వినని తన సొంత పాటలే పాడుతూ కూర్చున్నాడు. వెనక వరసల్లో పిల్లలు ఆ ఒక్క హిట్టు పాట పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. ఆఖరికి ఆయనకు ఒళ్ళు మండి "అది పాడీ పాడీ నాకే బోరు కొట్టిందండీ" అని మైకులోనే అనేశాడు. నా ముందు కూర్చున్న పెద్దాయన "మాకు కొట్టలేదు కదయ్యా" అని గొణిగాడు. ఆ మాట నాకు పట్టుకుంది.

కాబట్టి విషయం ఇదే: పేరు తెచ్చిన పాటను కళాకారుడు ప్రతి కచేరీలో పాడి తీరాలా, వద్దా? సమస్య చూడగానే అందరూ క్రమాలంకారం (ముందు రెండు విషయాలు చెప్పి, "పాడవలయు" మొదటిదానికి, "పాడవలదు" రెండోదానికి వరసగా కలపడం) మీదికే దూకుతారని తెలుసు, దూకండి, కానీ రెండు వైపులా నిజం ఉండేట్టు చూడండి. "మంచి పాట పాడాలి, చెడ్డ పాట పాడకూడదు" అనే రకం పూరణలు పంపితే నేను చదవను.

చంద్రగిరి అక్క:
బోణీ నాదే.

వచ్చినట్టి జనులు మెచ్చిన పాటను
చివరి దాక దాచి చెవులఁ దనిపి
ముగియు వేళయందు, మొదలిడు వేళను
పాడవలయుఁ బాట, పాడవలదు.

హిట్టు పాట మొదట్లోనే పాడేస్తే సగం మంది లేచి పార్కింగులో బండి తీసుకోవడానికి పోతారు. అసలు పాడకపోతే తిట్టుకుంటూ పోతారు. మంగళానికి ముందు పాడితే ఎవరికీ బాధ లేదు.

నిర్వాహకుడు:
అక్కా, మొదటి పాదంలో వచ్చి-మెచ్చి ప్రాసయతి చక్కగా పడింది. ఒకటే వంక: మొదటి పాదంలో "పాటను" అన్నారు, నాలుగో పాదంలో ఎలాగూ "పాట" ఉంది, పునరుక్తి. "మెచ్చిన దానిని" అనేస్తే గణాలు చెడవు, దోషం పోతుంది. భావం మాత్రం ఖాయంగా అనుభవం మీద వచ్చిందే. శాస్త్రీయ కచేరీల్లో కూడా జరిగేది అదే. ఇవాళ మనం వింటున్న కచేరీ పద్ధతి, ముందు వర్ణం, మధ్యలో పెద్ద కృతి, చివర తుక్కడాలు, ఇదంతా అరియక్కుడి రామానుజ అయ్యంగారు కుదిర్చినదంటారు. జనం ఎదురుచూసే చిన్న చిన్న పాటలన్నీ ఆ చివరి అరగంటలోనే వస్తాయి. ఫలానా పాట పాడమని కోరే చీటీలు కూడా అప్పుడే. ముందు వరసలో ఎవరో కాగితం ముక్క మడిచి అందిస్తే అది చేతులు మారి మారి మృదంగం వాయించే ఆయన మోకాలి దగ్గరికి చేరుతుంది, ఆయన ఒక చేత్తో తాళం తప్పకుండానే రెండో చేత్తో దాన్ని గాయకుడి వైపు జరుపుతాడు. గాయకుడు విప్పి చూసి, నవ్వి, తొడ కింద పెట్టుకుంటాడు. పాడతాడా లేదా అన్నది ఆ నవ్వును బట్టి తెలిసిపోతుంది.

పలమనేరు ప్లీడరు:
మీరంతా పాడాలా వద్దా అని గాయకుణ్ణే అడుగుతున్నారు. పాట గాయకుడి సొత్తు అని ఎవరన్నారు సామీ?

స్వరము కూర్చినట్టి స్వామి యనుమతింప,
నోటిసొకటి పంప, నోరు గలుగు
గాయకునకు నైన గతి యింతియే కదా,
పాడవలయుఁ బాట, పాడవలదు.

2017 మార్చి గుర్తుందా? బాలసుబ్రహ్మణ్యం గారు తన యాభై ఏళ్ళ పాటల ప్రయాణం పేరుతో అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్ళింది, నా అనుమతి లేకుండా నా పాటలు పాడకూడదని. పాడినవాడు ఆయనే, జనం గుండెల్లో ఉన్నది ఆయన గొంతే, అయినా స్వరకర్త వద్దన్నాక ఆ పర్యటనలో ఆ పాటలు పక్కన పెట్టి మిగతావాటితో లాక్కొచ్చాడు. తర్వాత 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారనుకోండి.

పుత్తూరు మాస్టారు:
ప్లీడరు గారూ, "నోటీసు"ను "నోటిసు" చేశారు, గణం కోసం దీర్ఘం మింగేశారు. అన్యదేశ్యం కాబట్టి సరిపెట్టుకోవచ్చు గానీ అలవాటు చేసుకోవద్దు. అన్వయం మాత్రం నిక్కచ్చిగా ఉంది, అనుమతిస్తే పాడవలయు, నోటీసు పంపితే పాడవలదు. ఇంత శుభ్రంగా క్రమం కుదరడం అరుదు.

విషయానికి వస్తే మీ పూరణ ప్రశ్న నుంచి జారుకుంది. కుదరకపోవడం వేరు, ఇష్టం లేకపోవడం వేరు. రష్యా పియానో విద్వాంసుడు రఖ్‌మానినొవ్ 1892లో, పందొమ్మిదేళ్ళ వయసులో, సి షార్ప్ మైనర్‌లో ప్రెల్యూడ్ అనే చిన్న పియానో రచన ఒకటి చేశాడు. అది ఎంత పెద్ద హిట్టయిందంటే ఆ తర్వాత జీవితమంతా ఎక్కడ వాయించినా చివర్లో జనం అదే కావాలని అరిచేవాళ్ళు, ఆయనకు దాని మొహం చూడబుద్ధి కాని స్థితి వచ్చింది. అంతకంటే గొప్పవి ఎన్నో రాసిన మనిషి. పాపం అనిపిస్తుంది, కానీ వాయించాడు.

రేణిగుంట అన్న:
మాస్టారూ, రష్యా దాకా ఎందుకు, మన కొండ మీదే ఉంది కథ.

రాగిరేకులందు రాశిగా నుండఁగఁ
బదియె పదులు మార్లు పాడనేల?
వినని దొకటియైన, విని విసిగిన దాని
పాడవలయుఁ బాట, పాడవలదు.

అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడని ప్రతీతి, దొరికినవే 12,000 పైచిలుకు. ఆ రాగిరేకులన్నీ శ్రీవారి గుడిలో సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు పడి ఉండి బయటికొచ్చాయి. వచ్చి ఏం లాభం? ఏ వేదిక మీద చూసినా "అదివో అల్లదివో", "బ్రహ్మమొకటే", మళ్ళీ "అదివో అల్లదివో". గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కట్టి పోయారు, మనవాళ్ళ నోట్లో నలిగేవి ఎన్ని చెప్పండి? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నిర్వాహకుడు:
అన్నా, పద్యం బాగా వచ్చింది. "ఉండఁగఁ బదియె" దగ్గర సరళాదేశం చేసి, బ-పా యతి కూడా నిలబెట్టారు. "వినని దొకటియైన" అన్న మాట ఈ చర్చ మొత్తానికి పనికొచ్చే మాట. కానీ మీతో నేను సగమే ఒప్పుకుంటాను. నా జవాబు పద్యంలోనే:

వినఁగ విసుగు నీకు, విననట్టి భక్తుండు
కొండ దిగిన యపుడు కోరి రాఁగ
అతని కొఱకు మరల, నతిగ నీ కొఱకును
పాడవలయుఁ బాట, పాడవలదు.

("నీకు" అన్నందుకు ఏమీ అనుకోవద్దు, పద్యంలో "మీకు" పెట్టినా సరిపోయేది, కొంచెం కసిగా ఉండాలని అలా అన్నాను.) మనం తిరుపతిలో ఉన్నాం కాబట్టి ఈ పాటలు బస్టాండులో, టీ కొట్టులో, తెల్లారి పక్కింటి టీవీలో, అన్నిచోట్లా వింటాం. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చినాయన రాత్రంతా క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని కిందికి దిగి, ఆ సాయంత్రం అన్నమాచార్య కళామందిరంలోనో మహతిలోనో ఒక గంట కూర్చుంటాడు. ఎదురుగా మనిషి కూర్చుని ఆ పాట పాడటం ఆయన జన్మలో అదే మొదటిసారి కావచ్చు. మన విసుగు కోసం ఆయనకు ఆ పాట లేకుండా చేయడం న్యాయం కాదు. గాయకుడికి అది వెయ్యోసారి అన్నది ఆయన గోల, అందుకే కదా ఆయనకు శాలువా కప్పేది.

రేణిగుంట అన్న:
సరే, భక్తుడికి పాడండి. తొమ్మిది మీరు పాడుకోండి, పదోది నాకివ్వండి. అంతకంటే అడగను.

చంద్రగిరి అక్క:
నాకొకటి తోస్తుంది. తిరువయ్యారులో ఏటా త్యాగరాజ ఆరాధన నాడు అందరూ కూర్చుని అవే ఐదు పంచరత్నాలు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, రాగం మారదు, వరస మారదు. ఎవరైనా "ఈ ఏడు వేరేవి పాడదాం" అన్నారా? అంటే మళ్ళీ మళ్ళీ పాడటం తప్పు కాదు, మొక్కుబడిగా పాడటం తప్పు.

ఒక కొత్త సభ్యుడు (చిత్తూరు, వయొలిన్ నేర్చుకుంటున్నాను):
అందరికీ నమస్కారం. ఇదే మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి, కొంచెం టెన్షన్‌గా ఉంది. నేను మాత్రం గాయకుడి వైపు.

కొత్త పాట వినక గోలచేసెడివారు
హిట్టు పాట కొరకు అరచువారు
కొత్తదొకటి, పాత కోరుకున్నట్టిది
పాడవలయుఁ బాట, పాడవలదు.

పుత్తూరు మాస్టారు:
నాయనా, మొదటి పద్యానికి ఇది చాలా మేలు. ఒకటి, మూడు పాదాలు యతితో సహా నిర్దోషం, "కోరుకున్నట్టిది" దగ్గర గణాలు ఎలా కుదిరాయో నీకే తెలియకపోవచ్చు గానీ కుదిరాయి. తప్పులన్నీ రెండో పాదంలోనే ఉన్నాయి. "హి"కి "అ"తో యతి చెల్లదు. హకారానికి అచ్చుతో మైత్రి ఉంది, కానీ ఆ అచ్చు ఇ, ఎ వర్గంలోది కావాలి. "కొరకు అరచు" అని మధ్యలో సంధి వదిలేశావు. ఇక అన్వయం: చేసెడివారు, అరచువారు, ఆ తర్వాత వాళ్ళేం చేశారో చెప్పలేదు, ఇద్దరు కర్తలు క్రియ కోసం ఎదురు చూస్తున్నారు. ఇలా మార్చి చూడు:

కొత్త పాట వినక గోలచేసెడివారు
హిట్టు కొరకె మిగుల హెచ్చి యరవ

ఇప్పుడు వాళ్ళు అరిస్తే కొత్తది పాడాలి, పాతది పాడకూడదు అని అర్థం తిన్నగా వస్తుంది. హి-హె యతి సరిపోయింది.

కొత్త సభ్యుడు:
థాంక్స్ మాస్టారూ. మార్చుకున్నాను. కానీ నా మాట మాత్రం మార్చుకోను. ఇవాళ్టి హిట్టు కూడా ఒకప్పుడు ఎవరికీ తెలియని కొత్త పాటే కదా, ఆ రోజు ఎవరో ఓపిగ్గా కూర్చుని విన్నారు కాబట్టే హిట్టయింది.

పలమనేరు ప్లీడరు:
అబ్బాయ్, పాయింటు బాగుంది. కానీ టికెట్టు కొన్నవాడు ఏమనుకుని కొన్నాడో అది కూడా లెక్కలోకి వస్తుంది. 2017 జూలైలో లండన్ వెంబ్లీలో రెహమాన్ కచేరీకి వెళ్ళిన హిందీ శ్రోతలు కొందరు తమిళ పాటలే ఎక్కువయ్యాయని మధ్యలో లేచిపోయారు, డబ్బు వాపసు అడిగినవాళ్ళూ ఉన్నారు. కచేరీ పేరే తమిళంలో పెట్టారు, అది చూసి కూడా వెళ్ళి అలగడం ఏమిటని ఇవతలివాళ్ళు. ఏం పాడబోతున్నారో ముందే పోస్టరు మీద చెప్పేస్తే సగం గొడవ ఉండదు. నా దగ్గరికొచ్చే కేసులన్నీ ఇంతే, ముందు ఒక్క మాట అనుకోక.

కుప్పం కుర్రాడు:
మీరందరూ పాడాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, అసలు పాడకుండా హిట్టు కానిచ్చేవాళ్ళ సంగతేంది? పల్లవి ఎత్తుకుంటాడు, రెండో లైనుకు మైకు మావైపు తిప్పుతాడు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నవ్వుతా నిలబడతాడు. చరణం అంతా మేమే. మా పక్కనోడి గొంతు వినడానికా నేను కుప్పం నుంచి బస్సెక్కి వచ్చింది?

మైకు మాకుఁ జూపి మౌనియై నిల్చెడు
గాయకుండ వినుము గట్టి మాట
డబ్బు గొన్న నీవు, డబ్బిచ్చు మేమును
పాడవలయుఁ బాట, పాడవలదు.

పుత్తూరు మాస్టారు:
శభాష్! నీవు పాడవలయు, మేము పాడవలదు. సమస్యలో ఉన్న విరోధం ఇంత సులువుగా విడిపోతుందని నాకు తోచలేదు. మై-మౌ యతి చాలామంది తప్పనుకుంటారు, తప్పు కాదు, ఐ-ఔ రెండూ అకార వర్గంలోవే. "గాయకుండ" అన్న పిలుపు కొంచెం పాతకాలపు నాటకంలా ఉంది, అయినా ఇక్కడ ఆ వెటకారం అవసరమే.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు కుప్పం పద్యానికే. పూరణ కొత్తగా ఉండటం ఒక కారణం, రెండోది, హిట్టు పాడితే ఎలా పాడాలో చెప్పింది ఇదొక్కటే. వెయ్యోసారైనా సరే పూర్తిగా, తన గొంతుతో పాడాలి. విసుగొస్తే రాగం కొంచెం మార్చుకోనీ, నెమ్మదిగా ఎత్తుకోనీ, అది ఆయన ఇష్టం. రేణిగుంట అన్న అడిగిన పదో పాట కూడా పాడాలి, జనం నొసలు చిట్లించినా సరే. అక్క చెప్పిన వరసలో పాడితే ఇంకా మేలు. "నాకు బోరు కొట్టింది" అని మాత్రం మైకులో చెప్పకూడదు, ఇంటికెళ్ళి ఆవిడకు చెప్పుకోవాలి.

చంద్రగిరి అక్క:
ఆవిడకు బోరు కొట్టదా మరి?

నిర్వాహకుడు:
దానికి వేరే సమస్య ఇవ్వాలి. ప్రస్తుతానికి వచ్చే వారానిది తేటగీతి, నాలుగో పాదం:

చీటి పంపినవాఁడె పో చెవిటివాఁడు

ఆదివారం రాత్రిలోపు పంపండి. కొత్త సభ్యుడు ఈసారి పంపే ముందు రెండో పాదం రెండుసార్లు చూసుకోవాలి.

కుప్పం కుర్రాడు:
చెవిటివాడు పంపితే తప్పేంది, పాటగాడు వినిపించుకుంటే కదా!