దేవుని నామం కోసం రోషం: నాలాంటి చల్లటి మనిషికి అది ఎలా వస్తుంది?

కూకట్‌పల్లి_తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది మార్టూరు దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. మొన్న రాత్రి ఒకడు స్వస్థత సభ వీడియో పెట్టాడు. ఒక సభలో చేతికర్ర విసిరేసి పరిగెత్తిన మనిషే ఇంకో ఊరి సభలో మళ్లీ కర్రతో కుంటుతూ వస్తాడు. గదంతా ఒకటే నవ్వు. "మీ యేసయ్య బలే యాక్టింగ్ చేయిస్తున్నాడ్రా" అన్నాడు. నాకు కోపం రాలేదు, బాధా కలగలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నా. మా సంఘంలో ఒకన్నయ్య ఉన్నాడు. ప్రభువును ఎవరైనా ఒక్క మాటంటే చాలు, తెల్లారేదాకా కామెంట్లలో యుద్ధమే. "నీకు రోషం లేదురా" అంటాడు. రోషమంటే ఆయనదేనా? అది నాలో పెరగాలంటే ఏం చెయ్యాలి?

కర్మెలు_మంట:
మీ అన్నయ్య మాటే కరెక్ట్. సంఖ్యాకాండం 25 చదువు. దేవుడికి ద్రోహం చేసినవాణ్ని యాజకుడు ఫీనెహాసు ఈటెతో పొడవకపోతే తెగులు ఆగేదా? ఏలీయా ప్రవక్త "మహా రోషముగలవాడనై" అన్నాడు. మనం మెత్తబడ్డాం కాబట్టే అందరికీ అలుసైపోయాం. గట్టిగా జవాబివ్వు తమ్ముడూ.

గుండ్లకమ్మ_మాస్టారు:
బాబూ, ఒంగోలు వైపు బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ని. కాస్త పొడుగ్గానే రాస్తా, ఓర్చుకో.

పైన కర్మెలు తమ్ముడు ఏలీయా మాటను సగంలో ఆపేశాడు. యెజెబెలు రాణికి భయపడి పారిపోయొచ్చి, హోరేబు గుహలో కూర్చుని అన్న మాట అది. వెంటనే "నేనొక్కణ్ణే మిగిలాను" అన్నాడు. దేవుడేమో ఇంకా ఏడువేలమంది ఉన్నారని చెప్పి, చెయ్యాల్సిన పని అప్పగించి పంపాడు. కామెంట్ల వీరులకూ ఈ "నేనొక్కణ్ణే" జబ్బు ఎక్కువ.

యేసు ప్రభువు కొరడా ఎక్కడ పట్టుకున్నాడో చూడు. సమరయ గ్రామం వాళ్లు ఆయన్ని రానివ్వలేదు. ఆకాశం నుంచి అగ్ని రప్పిద్దామా అన్న యాకోబు, యోహానులనే గద్దించి, ఇంకో ఊరి దారి పట్టాడు. కొరడా తీసింది సొంత తండ్రి ఇంట్లో, అంటే దేవాలయంలో, అక్కడ వ్యాపారం పెట్టినవాళ్ల మీద. అక్కడైనా ఎడ్లను, గొర్రెలను తోలాడు, రూకలు చల్లేశాడు. పావురాల దగ్గరికి వచ్చేసరికి "వీటిని ఇక్కడనుండి తీసికొనిపొండి" అని అమ్మేవాళ్లతో చెప్పాడు. తోలిన గొర్రె మళ్లీ దొరుకుతుంది, ఎగిరిన పావురం దొరకదు. అంత మంటలోనూ ఆ చూపు ఉంది చూశావా!

మా జిల్లా సంగతి కూడా చెప్తా. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. తిండి కోసం వచ్చి చేరినవాళ్లతో సంఘం నిండకూడదని ఆయన పట్టుదల. కరువు పని ముగిశాకే 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం అయింది. మా వైపు సభల్లో ఈ అంకె చెప్పని ప్రసంగీకుడు లేడు. బాప్తిస్మాలు ఆపిన ఆ నెలల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే రోషం కనపడేది అక్కడే.

ఇక నీ వీడియో. నవ్వినవాళ్ల సంగతి వదిలెయ్. ఆ కర్ర నాటకం ఆడించినవాళ్లను తల్చుకుని ఒకసారి రోమా 2:24 చదువు, దేవుని నామం దూషణ పాలయ్యేది ఆయన ప్రజల వల్లేనని ఉంటుంది. తర్వాత ప్రభువు ప్రార్థన. రోజూ గబగబా అప్పజెప్పేస్తాం కదా, అందులో అన్నం కంటే ముందు అడిగేది "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అని. కొన్నాళ్లు ఆ వాక్యం దగ్గరే ఆగు. ఆరోజు ఆ నామం ఎక్కడ చెడిందో, నీ ఆఫీసులో, మీ సంఘంలో, నీ నోట, పేరుపెట్టి ప్రభువుతో చెప్పు. కోపం రాకపోయినా పర్లేదు. జనం దేవుని ధర్మశాస్త్రం పాటించడం లేదని కీర్తన 119:136 రాసినవాడికి కన్నీళ్లే వచ్చాయి. నీ స్నేహితుడితో "అది మోసమేరా, నాకూ సిగ్గుగా ఉంది" అను. దానికి వాదన నేర్చుకోనక్కర్లేదు.

కర్మెలు_మంట:
మాస్టారూ, మార్కు 11:15లో గువ్వలమ్మేవాళ్ల పీటలు పడదోశాడు కదా?

గుండ్లకమ్మ_మాస్టారు:
పడదోశాడు నాయనా. పీటల్ని.

కృష్ణలంక_అక్క:
మాస్టారుగారు చెప్పింది బాగుంది గానీ, కొన్నిచోట్ల కోపమే రావాలండీ. నేను మా సంఘం కోశాధికారిని. మైకుసెట్టు కొన్నప్పుడు ఒక పెద్దాయన బిల్లులో అంకె పెంచి రాయించుకొద్దాం, మిగిలింది మందిరం రంగులకు వాడదాం అన్నారు. "దేవుని పనే కదమ్మా" అట! ఒళ్లు మండింది. షాపువాడు మనవాడు కాదు, వాడి ముందా ఈ బేరం? అసలు బిల్లే ఫైల్లో పెట్టి, నెల లెక్కలతో పాటు సంఘంలో చదివాను. ఆయన చాలాకాలం నాకు వందనం కూడా చెప్పలేదు. తమ్ముడూ, సంఘంలో నీ చేతికి ఏ చిన్న పని ఇచ్చినా తీసుకో. దూరంగా కూర్చుంటే ఈ మంట రాదు.

కూకట్‌పల్లి_తమ్ముడు:
మాస్టారూ, రాత్రి వాడితో అన్నాను, అది మోసమే, నాకూ సిగ్గుగా ఉందని. వాడు నవ్వలేదు. "మరి ఇదే మాట మీ చర్చిలో ఎవరైనా చెప్తారా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

గుండ్లకమ్మ_మాస్టారు:
అది మీ పాస్టరుగారికి చేరాల్సిన ప్రశ్న. ఆదివారం ఆరాధన అయ్యాక, పక్కకు పిలిచి, వాడన్నది అన్నట్టే అడుగు. ఏమన్నారో ఇక్కడ రాయి బాబూ.