మూడు కాళ్ల కమ్మీల స్టాండు: ఇది దేనికి వాడతారు?

ప్రశ్న: మేము కొత్తగా దిగిన అద్దె ఇంట్లో, వంటగది అలమరలో, సన్నని కమ్మీలతో చేసిన గుండ్రటి స్టాండు ఒకటి దొరికింది. వెడల్పు దాదాపు జానెడు, ఎత్తు నాలుగు అంగుళాలు ఉంటుంది. దాని పక్కనే అదే ఆకారంలో పొట్టి కాళ్లది ఇంకొకటి ఉంది. కుక్కర్ అడుగున వేసే చిల్లుల పళ్లెం కాదని తెలుస్తోంది. ఇవి ఏమిటో, వేడి గిన్నెలు దించుకోవడానికి పనికివస్తాయో లేదో దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఎత్తుదీ పొట్టిదీ జతగా దొరకడమే అసలైన ఆనవాలు. ఇవి కన్వెక్షన్ (వేడిగాలితో కూడా వండే) మైక్రోవేవ్ ఓవెన్‌తో పాటు ఇచ్చే ర్యాక్‌లు అయి ఉంటాయి. ఓవెన్ పైభాగంలో ఉండే గ్రిల్ కడ్డీకి పనీరు ముక్కలో రొట్టెలో దగ్గరగా ఉండేందుకు ఎత్తుదాన్ని, కేకు గిన్నె కింద నుంచి కూడా వేడిగాలి తిరిగేందుకు పొట్టిదాన్ని వాడతారు. కాళ్లు మూడూ లోపల తిరిగే గాజు పళ్లెం మీద నిలుస్తాయి. కేకు చల్లార్చే జాలీ అయితే కాళ్లు సాధారణంగా అంగుళానికి మించవు, కమ్మీలు కూడా ఇంకా దగ్గరగా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: మా ఇంట్లో ఉన్నది అన్నం, కూరలు వేడి చేసుకునే మామూలు మైక్రోవేవ్ మాత్రమే. అందులో వీటిని పెట్టవచ్చా?

సమాధానం: దయచేసి పెట్టకండి. మైక్రోవేవ్ నడుస్తున్నప్పుడు సన్నని లోహపు కొనల దగ్గర, కమ్మీ గోడకు దగ్గరగా వచ్చిన చోట, విద్యుత్ క్షేత్రం తీవ్రమై నిప్పురవ్వలు లేస్తాయి. దానివల్ల లోపలి పూత కాలిపోతుంది, ఓవెన్ కూడా పాడవుతుంది. కన్వెక్షన్ ఓవెన్ ఉన్నవారు సైతం తమ ఓవెన్‌తో వచ్చిన ర్యాక్‌నే, దాని పుస్తకంలో అనుమతించిన పద్ధతుల్లోనే వాడాలి. ఇక గిన్నెల సంగతి: పొట్టిదాని మీద చిన్న గిన్నె దించుకోవచ్చు గాని, ఎత్తుదాని మీద నిండు సాంబారు గిన్నె పెడితే ఒరిగిపోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దనే నా సలహా. గారెలు, వడియాలు వేయించి నూనె ఓడ్చుకోవడానికి పళ్లెంలో పెట్టుకుంటే పొట్టిది చక్కగా పనికివస్తుంది. అయితే ముందు కమ్మీలు కలిసే అతుకుల దగ్గర చూడండి. అక్కడ పూత పెచ్చులుగా లేచినా, తుప్పు కనిపించినా ఆహారం నేరుగా తగలనివ్వకండి.