"కంటి నరం దెబ్బతింది": ఇక్కడ నరం అంటే ఏది?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై):
ఇక్కడి తెలుగువాళ్ల కోసం షుగరు, కంటి పరీక్షల మీద కరపత్రం తయారవుతోంది. అందులో ఒక వాక్యం: "షుగరుకు థైరాయిడ్ తోడైతే కంటి నరం దెబ్బతింటుంది." ఈ 'నరం' సరైన మాటేనా అండీ?

జవాబు (భాష):
నర్సు "నరం దొరకట్లేదు" అంటే సిర. "మెడ నరం పట్టేసింది" అంటే కండరం. "నరాల డాక్టరు" అన్నప్పుడు మాత్రం నాడి. తమిళంలో నరంబు కూడా ఇలాగే వాడతారు కాబట్టి చెన్నైలో పెరిగిన మనవాళ్లకు ఆ తేడా అసలు తట్టదు. మాట తప్పు కాదు గానీ, కంట్లో ఏది చెడిందో చెప్పదు.

జవాబు (కంటి వైద్యం):
కచ్చితంగా మార్చండి. షుగరులో చెడేవి రెటీనాలోని (కంటి లోపల వెనకాల వెలుగును పట్టే పొర) సన్నని రక్తనాళాలు. గోడలు బలహీనపడి అక్కడక్కడ ఉబ్బుతాయి; నీరు, కొవ్వు, రక్తం కారతాయి. పచ్చచుక్క (రెటీనా మధ్యలో స్పష్టమైన చూపునిచ్చే చోటు) దగ్గర నీరు చేరితే చదవడం కష్టమవుతుంది. రక్తం అందని చోట కొత్త నాళాలు మొలిచి చిట్లితే కళ్లముందు నల్లటి నలకలు తేలతాయి. నొప్పి ఉండదు, అందుకే ఆలస్యమవుతుంది. దీన్ని 'నరం' అని రాస్తే జనం మందుల షాపుకెళ్లి "నరాల బిళ్లలు" అడిగి బి12 మాత్రలు తెచ్చుకుంటారు. కారే నాళానికి అవి పనిచేయవు. అవసరాన్ని బట్టి లేజరో, కంట్లోకి ఇచ్చే ఇంజక్షనో కావాలి.

థైరాయిడ్ కంటిజబ్బు దారే వేరు. ఎక్కువగా గ్రేవ్స్ జబ్బుతో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే జబ్బు) వస్తుంది. కనుగుడ్డు వెనకాల కండరాలు, కొవ్వు వాచి గుడ్డు ముందుకొస్తుంది. వాపు ముదిరితే దృక్‌నాడిని, అంటే చూపును మెదడుకు చేరవేసే నాడిని, నొక్కుతుంది. ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది, చూపు మందగిస్తుంది. ఇది నిజంగా నాడికి తగిలే దెబ్బే, ఆలస్యం పనికిరాదు. షుగరు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. పైగా వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది, కాబట్టి షుగరు డాక్టరుకూ ముందే చెప్పాలి.

ప్రశ్న:
మరి "తోడైతే" ఉంచవచ్చా? థైరాయిడ్ తగ్గినవాళ్లకు రెటీనా ఎక్కువ చెడుతుందని అంటారు కదా.

జవాబు (హార్మోన్ల వైద్యం):
వద్దండీ, అది కారణమన్నట్టు వినిపిస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) పెరిగి, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) మామూలుగా ఉన్న, అంటే థైరాయిడ్ కొద్దిగా తగ్గిన, టైప్ 2 షుగరు రోగుల్లో రెటీనా జబ్బు ఎక్కువగా కనిపించిందని పలు పరిశోధనలు చెప్పాయి. ఒకదానివల్లే రెండోది వస్తోందని మాత్రం తేలలేదు. థైరాయిడ్ తగ్గినవాళ్లకు ఇచ్చే థైరాక్సిన్ మాత్ర రెటీనాను బాగుచేస్తుందని పొరపాటున కూడా రాయకండి. "కలిసి కనబడుతుంటాయి" అంటే చాలు. ఇంకొకటి: థైరాయిడ్ తగ్గి మందు వాడనివాళ్లలో కొత్త ఎర్రకణాల తయారీ మందగిస్తుంది, పాతకణాల వాటా పెరుగుతుంది. దాంతో హెచ్‌బీఏ1సీ (ఎర్రకణాలకు అంటిన చక్కెరను కొలిచి రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చు. ఆ అంకె ఇంట్లో చూసుకునే షుగరుతో పొంతన కుదరకపోతే టీఎస్‌హెచ్ చూడాలి.

జవాబు (కంటి వైద్యం):
నా సూచన ఇది: "షుగరు కంటిలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. థైరాయిడ్ జబ్బు కంటి వెనకాల వాపు తెచ్చి, ఒక్కోసారి దృక్‌నాడిని నొక్కుతుంది. రెండూ ఉన్నవాళ్లు రెంటికీ పరీక్ష చేయించుకోవాలి." టైప్ 2 అయితే జబ్బు బయటపడగానే, టైప్ 1 అయితే బయటపడిన 5 ఏళ్లలోపు మొదటి రెటీనా పరీక్ష, ఆ తర్వాత సాధారణంగా ఏటా. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపవద్దని కూడా చేర్చండి.

ప్రశ్న:
థైరాయిడ్‌కు 'అవటు గ్రంథి' వాడదామా?

జవాబు (భాష):
పాఠ్యపుస్తకంలో బాగుంటుంది. కరపత్రంలో థైరాయిడ్ అనే ఉంచండి. ల్యాబ్ రిపోర్టులో వాళ్లకు కనిపించే మాట అదే. దృక్‌నాడి పక్కన మాత్రం "చూపును మెదడుకు చేరవేసే నాడి" అని ఒక్కసారి రాయండి.